బ్యాటరీ మార్చేముందు అది ఎందుకు చచ్చిందో చూడాల

వానాకాలం మొదలైందంటే నెల్లూరు మినీ బైపాస్ మీదైనా, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదైనా మెకానిక్ షెడ్డుకి వచ్చే కంప్లయింట్లలో ఒకటి ఖాయంగా ఉంటది: "అన్నా, పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవట్లా, టక్ టక్ అంటా ఉంది." మెకానిక్ హారన్ నొక్కి చూస్తాడు, అది నీరసంగా మూలుగుద్ది, "బ్యాటరీ పోయింది, మార్చేద్దాం" అంటాడు. పావుగంటలో కొత్తది పడిపోద్ది, వెయ్యో పదిహేనొందలో చేతులు మారతాయి, బండి ఒక్క నొక్కుకే లేస్తది. ఇక్కడితో అయిపోతే గొడవే లేదు. కానీ చాలా బండ్లకి ఏడాది తిరక్కముందే మళ్ళీ అదే టక్ టక్ మొదలవుద్ది, అప్పుడు జనం బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటా ఇంకో బ్రాండుకి మారతారు, అది కూడా అంతే అవుద్ది. బ్యాటరీ చచ్చిన మాట నిజమే, దాన్ని చంపింది మాత్రం చాలాసార్లు ఇంకోటి, ఆ ఇంకోటి బండిలోనే ఉండిపోతే కొత్త బ్యాటరీకి కూడా ఎక్కువ రోజులు లేనట్టే.

ముందు మన వాతావరణం సంగతి. బ్యాటరీ చలికి పాడవుద్దని నెట్‌లో చదివి డిసెంబర్‌లో భయపడేవాళ్ళు ఉన్నారు గానీ ఆ సలహాలు మంచు పడే దేశాల వాళ్ళవి. మన ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు శత్రువు ఎండే. లెడ్ యాసిడ్ బ్యాటరీకి కంపెనీలు చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన చెప్పేది, దాని పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగం పడిపోద్దని ఒక మోటు లెక్క ఉంది. మే నెలలో బయటే 42, 43 ఉంటే, రైల్వే స్టేషన్ కాడ నీడలేని పార్కింగులో పొద్దున పెట్టి సాయంత్రం తీసే బండి సీటు కింద ఎంత ఉంటదో ఊహించుకోవచ్చు. వేడికి లోపల నీళ్ళు ఆవిరవుతాయి, ప్లేట్ల లోపలి జాలీ తుప్పు పట్టినట్టు తినేసుకుపోద్ది, బండి ఊరికే నిలబడున్నా ఛార్జి తనంతట తనే దిగిపోయే స్పీడు కూడా పెరుగుద్ది. ఈ దెబ్బంతా ఏప్రిల్, మే నెలల్లోనే తగులుద్ది గానీ బయటపడేది ఎప్పుడో వానాకాలం పొద్దున, ఇంజను చల్లగా ఉండి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సొచ్చినప్పుడు. అందుకే జనం వాన మీద నెపం పెడతారు.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. ఒక ప్లేటు సీసం, ఇంకో ప్లేటు లెడ్ డయాక్సైడ్, మధ్యలో సల్ఫ్యూరిక్ యాసిడ్. కరెంటు వాడుకునేకొద్దీ రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటది, యాసిడ్ పల్చబడి నీళ్ళవుద్ది, ఛార్జి ఎక్కిస్తే మళ్ళీ వెనక్కి పోద్ది. చిక్కల్లా ఒకటే, ఆ సల్ఫేట్‌ని తొందరగా వెనక్కి పంపకుండా సగం ఛార్జిలో వారాల తరబడి వదిలేస్తే అది గట్టి పలుకులు కట్టుకుపోద్ది, ఇంక ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. మెకానిక్కులు "ఛార్జింగ్ ఎక్కట్లా, ప్లేట్లు పోయినై" అనేది దీన్నే. అంటే బ్యాటరీని చంపేది ఎక్కువ వాడటం కంటే సగం కడుపుతో పస్తు పెట్టడం.

మరి పాతకాలం బండ్లకి ఈ గోల ఇంత లేదేంది అని అడిగేవాళ్ళున్నారు, కరెక్టే. కార్బురేటర్ స్ప్లెండర్‌కి బ్యాటరీ పూర్తిగా పోయినా కిక్కు కొడితే లేచేది, హెడ్‌లైటు నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించేది) కరెంటుతో ఎలిగేది, బ్యాటరీ ఉండేది హారన్‌కీ ఇండికేటర్లకీ మాత్రమే. అందుకే ఊళ్ళల్లో బ్యాటరీ లేకుండానే ఏళ్ళ తరబడి తిరిగిన బండ్లు కోకొల్లలు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ ఎలిగే ఉండాలన్న రూల్ వచ్చింది, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ కాలుష్యం రూల్ వచ్చాక దాదాపు అన్ని బండ్లూ కార్బురేటర్ నుంచి ఇంజెక్షన్‌కి, అంటే పెట్రోలుని కరెంటుతో చిమ్మే పద్ధతికి మారినయ్. ఇప్పుడు పెట్రోలు పంపు తిరగాలన్నా, ఈసీయూ (ఇంజన్ని నడిపే చిన్న కంప్యూటర్) లేవాలన్నా, ఇంజెక్టర్ తెరుచుకోవాలన్నా ముందు కరెంటు కావాల. బ్యాటరీ మరీ అడుగంటితే సెకండ్ గేర్‌లో తోసినా పంపు తిరగదు కాబట్టి చాలా బండ్లు లేవవు, గేర్లు లేని స్కూటర్‌కైతే ఆ తోసే ఆశ కూడా లేదు. పైగా చాలా మోడళ్ళలో కిక్ రాడ్డే తీసేశారు. పని పెరిగింది, బ్యాటరీ మాత్రం చిన్నదైంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్లాసిక్ 350లో 14 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటదో చెప్పే కొలత) బ్యాటరీ ఉండేది, కొత్త క్లాసిక్‌లో 8 ఏహెచ్ సరిపెట్టారు. మామూలు హండ్రెడ్ సీసీ బండ్లకీ స్కూటర్లకీ అయితే మూడు, నాలుగు ఏహెచ్ అంతే, దగ్గర పెట్టుకున్న సొమ్మే తక్కువ.

ఇంక అసలు పని, చెక్ చేయడం. దీనికి రెండు మూడొందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్ చాలు, ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుద్ది. బండి నడిపి ఆపిన వెంటనే చూస్తే అబద్ధం చెప్పుద్ది, పైపైన ఛార్జి ఉండి 13 దాకా చూపిస్తది, అందుకని రాత్రంతా వదిలేసి పొద్దున్నే తాళం పెట్టకముందే చూడాల. మీటర్ని డీసీ 20 మీద పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. 12.6 పైన ఉంటే దండిగా ఉన్నట్టు, సీల్డ్ రకం (మూత తీసి నీళ్ళు పోసే పని లేనిది) అయితే 12.8 కూడా చూపించొచ్చు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 చిల్లర కూడా లేకపోతే అడుగంటినట్టే. అదే రాత్రంతా ఛార్జి పెట్టాక కూడా 10.5 కాడ ఆగిపోయిందంటే ఒక సెల్ పూర్తిగా కొట్టేసినట్టు, ఆరింటిలో ఒకటి పోతే రెండు వోల్టులు పోతాయిగా, లెక్క సరిపోయింది. దానికి వైద్యం లేదు, మార్చాల్సిందే.

వోల్టేజీ బాగుందని సంతోషపడిపోతే కుదరదు, ఎందుకంటే ముసలి బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చూపించి బరువు పడగానే కూలబడుద్ది. అందుకే రెండో చూపు: మీటర్ పుల్లలు అట్టాగే పట్టుకుని ఇంకొకర్ని సెల్ఫ్ నొక్కమనాల. నంబర్ కిందికి దిగుద్ది, దిగాలి కూడా, కానీ తొమ్మిదిన్నర పది కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో సత్తువ లేనట్టు. పడకుండా పన్నెండు దగ్గరే నిలబడి సెల్ఫ్ మాత్రం తిరగలేదంటే బ్యాటరీకి ఏమీ కాలేదు, రిలే (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్చి) గానీ సెల్ఫ్ మోటార్ కార్బన్ బ్రష్షులు గానీ మధ్యలో లూజు వైరు గానీ దోషి. ఈ ఒక్క చూపు చూసుంటే అనవసరంగా మార్చిన బ్యాటరీలు ఎన్ని మిగిలేవో.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, దాన్నే ఎవరూ చూడరు. బండి స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసి పట్టుకున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాల. పన్నెండున్నర దగ్గరే బద్ధకంగా ఉంటే ఛార్జింగ్ రావట్లేదు, మ్యాగ్నెట్ కాయిల్ కాలిపోయుండొచ్చు, కాయిల్ కరెంటుని బ్యాటరీకి సరిపోయేలా మార్చి పంపే రెక్టిఫైయర్ పోయుండొచ్చు, చాలాసార్లు రెక్టిఫైయర్ దగ్గరి ప్లాస్టిక్ కప్లర్ వేడికి నల్లబడి కరిగిపోయి ఉంటది, ముక్కు పెట్టి చూస్తేనే తెలుస్తది. ఇంకోవైపు 15 దాటి 16కి పోతుంటే ఇంకా ప్రమాదం, వోల్టేజీని అదుపులో పెట్టాల్సిన రెగ్యులేటర్ అడ్డు అదుపు లేకుండా వదిలేస్తోంది, బ్యాటరీని లోపల ఉడకబెడుతోంది. సీల్డ్ బ్యాటరీ పక్కలు ఉబ్బి గూట్లోంచి బయటికి రాకుండా ఇరుక్కుపోయిందంటే చాలావరకు ఈ కేసే. అందులో కొత్తది పెట్టి పంపిస్తే కొన్ని నెలల్లో అది కూడా ఉబ్బుద్ది.

ఛార్జింగ్ చూడటానికి కొంతమంది పాత మెకానిక్కులు ఇంకో పద్ధతి వాడతారు, ఇంజను తిరుగుతుండగానే బ్యాటరీ వైరు పీకేసి బండి ఆగుద్దా లేదా చూస్తారు. కార్బురేటర్ బండ్ల రోజుల్లో నడిచింది. ఇప్పటి ఇంజెక్షన్ బండి మీద ఆ పని చేస్తే బ్యాటరీ లేక వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూనో ఎల్‌ఈడీ హెడ్‌లైట్నో మీటర్ కన్సోల్నో తీసుకుపోద్ది. వెయ్యి రూపాయల బ్యాటరీ కోసం వేలు ఖరీదు చేసే ఈసీయూని పణంగా పెట్టడం అది. ఎవరైనా అట్టా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాల, మొహమాటం పడక్కర్లా.

ఈ మూడూ బాగున్నా బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే కరెంటు ఎక్కడో కారుతోంది. దీన్ని పట్టుకోవడం ఈ వ్యవహారం మొత్తంలో సరదా అయిన పని. తాళం తీసేసి, మైనస్ వైరు ఊడదీసి, మీటర్ని ఆంపియర్ల మీద, మొదట పది ఆంపియర్ల పోర్టులో పెట్టి, ఊడదీసిన వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటర్ని దారిలా కలపాల. తక్కువే పోతోందని తేలాక మిల్లీ ఆంపియర్ల రేంజికి దించుకోవచ్చు. ఆ టైములో మాత్రం పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోద్ది. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండిలో గడియారానికీ ఈసీయూ జ్ఞాపకానికీ ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు పోతాయి, పర్లేదు. అక్కడ 30 కనపడిందనుకోండి, లెక్క వేసి చూడాల: 30 మిల్లీ ఆంపియర్లు ఇరవై నాలుగ్గంటలు కారితే 0.72 ఏహెచ్, మూడు ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజుల్లో బొటాబొటిగా ఖాళీ. ఒక్క మిల్లీ ఆంపియరే అయితే ఆ 0.72 పోవడానికి నెల పడుద్ది. శనివారం పెట్టిన బండి మంగళవారం లేవకపోవడానికి వెనక ఉన్న మిస్టరీ ఇంతే. ఫ్యూజులు ఒక్కోటీ తీస్తా పోతే ఎక్కడ నంబర్ పడిపోతే దొంగ అక్కడున్నట్టు. ఎక్కువ భాగం దొంగలు బయట బిగించినవే: ఫైనాన్స్ వాళ్ళు పెట్టించిన జీపీఎస్, రిమోట్ అలారం, తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించిన మొబైల్ ఛార్జర్. ఛార్జర్ని తాళం వేస్తేనే కరెంటొచ్చే వైరుకి మార్పిస్తే సరిపోద్ది, పది నిమిషాల పని.

దగ్గర దగ్గర తిరిగితే బ్యాటరీ పోద్దనే మాట అందరూ అంటారు, అది సగమే నిజం. చిన్న బండి సెల్ఫ్‌కి ఓ యాభై ఆంపియర్లు రెండు సెకన్లు పోయినాయనుకుంటే ఖర్చయ్యింది 0.03 ఏహెచ్ లోపే, అర ఆంపియర్ ఛార్జింగ్ వచ్చినా నాలుగైదు నిమిషాల్లో తిరిగొచ్చేస్తది. వేదాయపాళెం నుంచి వీఆర్‌సీ సెంటర్ దాకా పోయేలోపే అప్పు తీరిపోద్ది. దెబ్బ తినేది టీ కొట్టు కాడ ఆపి, పాల బూత్ కాడ ఆపి, స్కూలు కాడ ఆపి ప్రతిసారీ సెల్ఫ్ కొడతా మధ్యలో నిమిషం నిమిషం నడిపే బండి, అందులోనూ ప్లగ్గు సరిగ్గా లేక పది పది సెకన్లు సెల్ఫ్ పట్టుకుని నొక్కే బండి. ఐడిలింగ్‌లో కాయిల్ ఇచ్చేది తక్కువ, హెడ్‌లైటూ బ్రేక్ లైటూ తినేది మాత్రం అంతే ఉంటది కాబట్టి సిగ్నల్ కాడ నిలబడటం కూడా ఛార్జి కింద లెక్కకి రాదు. వారానికొకసారి కావలి దాకానో సింగరాయకొండ దాకానో హైవే మీద అరగంట గంట ఒకే ఊపున పోయొస్తే అలాంటి బండి బ్యాటరీకి నిండుగా భోజనం దొరుకుద్ది.

టర్మినల్స్ సంగతి మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద రోజూ తిరిగే బండ్లకి ఉప్పు గాలి, ఏరేటర్ల తుంపర తప్పవు, టర్మినల్స్ మీద పచ్చగానో తెల్లగానో పిండి లాంటి పూత కట్టుకుపోద్ది. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము ఇంకో రకం, అది తేమతో కలిసి బ్యాటరీ పైన పేస్టులా పట్టేసుకుంటది, తడిసినప్పుడు రెండు టర్మినల్స్ మధ్య సన్నగా కరెంటు పాకడానికి దారవుద్ది. వైర్లు తీసేసి, వేడినీళ్ళలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి బాగా ఆరబెట్టి, బిగించాక పైన కాస్త వేసలీన్ రాస్తే చాలు, గ్రీజు కంటే అదే నయం. మూతలు తీసి నీళ్ళు పోసే యాసిడ్ బ్యాటరీ అయితే సోడా నీళ్ళు మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోవాల, పోతే యాసిడ్ చచ్చుబడుద్ది.

ఇవన్నీ చూశాక కూడా బ్యాటరీదే తప్పని తేలితే మార్చుకోవడమే. మూడు నాలుగేళ్ళు వచ్చిందంటే దానికి దండం పెట్టి పంపించొచ్చు, మన ఎండకి అది మంచి ఆయుష్షే. కొనేటప్పుడు బ్రాండ్ గురించి గంటసేపు కొట్టుకునే బదులు తయారైన తేదీ చూడటం మేలు. అమరాన్ తయారుచేసే అమరరాజా వాళ్ళది మన పక్కనే, తిరుపతి దగ్గర కరకంబాడి, ఎక్సైడ్‌కి ఊరూరా డీలర్లున్నారు, రెండూ చెడ్డవి కావు. కానీ ఎంత మంచి కంపెనీదైనా ర్యాకులో ఎండ తగిలే చోట ఎనిమిది నెలలు పడున్నది కొత్తది కాదు, దాని ఛార్జి దిగి సల్ఫేట్ పట్టడం షాపులోనే మొదలై ఉంటది. మీటర్ పెట్టమంటే షాపువాళ్ళు పెడతారు, 12.5 కంటే తక్కువుంటే ఇంకోటి ఇమ్మనాల లేదా ఛార్జి పెట్టి ఇమ్మనాల.

సీల్డ్ రకమా యాసిడ్ రకమా అంటే, బండితో ఏది వచ్చిందో అదే. యాసిడ్ పోసే రకం ఎండుగా వస్తది, షాపులో పోసిచ్చేటప్పుడు ఒక మోసం కాని మోసం జరుగుద్ది, యాసిడ్ పోయగానే బండికి బిగించి పంపించేస్తారు. పోశాక అరగంట నానబెట్టి, తర్వాత నెమ్మదిగా కొన్ని గంటలు ఛార్జి పెట్టాల, ఆ మొదటి ఛార్జి సరిగ్గా పడకపోతే ఆ బ్యాటరీ జీవితంలో ఎప్పుడూ పూర్తి శక్తికి రాదు. సాయంత్రం ఇచ్చి రేపు పొద్దున తీసుకుంటాను అనడమే దీనికి మందు. ఇంక మూడు ఏహెచ్ తీసేసి ఐదు ఏహెచ్ వేయించుకుంటే ప్రాబ్లం తీరుద్దనే సలహా ఒకటుంది, ముందు అది ఆ గూట్లో పట్టదు, పట్టినా ఛార్జింగ్ రాని బండిలో పెద్ద బ్యాటరీ కాస్త ఆలస్యంగా చస్తది అంతే.

మార్చేటప్పుడు విప్పడానికి మైనస్ ముందు, బిగించడానికి ప్లస్ ముందు. బండి ఛాసిస్ అంతా మైనస్ కాబట్టి మైనస్ ఉండగానే ప్లస్ బోల్టు తిప్పితే స్పానర్ ఫ్రేమ్‌కి తగిలి మెరుపు వస్తది, చిన్న బ్యాటరీయే కదా అనుకోవద్దు, స్పానర్ కాలేంత కరెంటు ఉంటది. ఇంకో చికాకు ఆ చతురస్రం నట్టు: టర్మినల్ డొల్లలో కూర్చోబెట్టి పైనుంచి బోల్టు వేయబోతే కిందికి జారిపోద్ది, వేలు దూరదు, బోల్టు అందదు. చిన్న స్పాంజి ముక్క గానీ మడత పెట్టిన కాగితం గానీ నట్టు కింద దూర్చితే పైకి లేచి నిలబడుద్ది, బోల్టు రెండు మరలు పట్టాక లాగేయొచ్చు. బిగువు కూడా మోతాదులో ఉండాల, టర్మినల్ సీసం, మెత్తన, బలంకొద్దీ తిప్పితే విరిగి ఊడొస్తది. కింద రబ్బరూ పైన బెల్టూ మర్చిపోకుండా పెట్టాల, గతుకులకి బ్యాటరీ ఎగిరెగిరి పడితే లోపల ప్లేట్లు రాలిపోతాయి. యాసిడ్ రకం అయితే గాలి గొట్టం నలగకుండా, చైను మీదో సైలెన్సర్ మీదో కారకుండా కిందికి వదలాల.

తర్వాత నెలనెలా చేయాల్సింది చాలా తక్కువ. యాసిడ్ రకంలో గీతల మధ్య మట్టం చూసి తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాల, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి చూసినా తప్పులేదు. ఆవిరయ్యేది నీళ్ళే గానీ యాసిడ్ కాదు కాబట్టి మళ్ళీ యాసిడ్ పోస్తే చిక్కబడి ప్లేట్లని తినేస్తది. బోరు నీళ్ళు సరే, ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్ళు కూడా పనికిరావు, తాగడానికి శుభ్రం వేరు బ్యాటరీకి శుభ్రం వేరు. సీల్డ్ రకం మూత మాత్రం ఎవరు చెప్పినా తెరవొద్దు.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తా సంక్రాంతికి ఊరొచ్చి బండి తీసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్పాల. దసరాకి పెట్టిపోయిన బండి సంక్రాంతికి లేవకపోవడంలో వింతేం లేదు. పోయేముందు మైనస్ వైరు తీసేసి పోవాల, ఇంట్లో ఎవరున్నా నెలకోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని చెప్పడం కంటే అదే మంచిది, ఎందుకంటే ఆ రెండు నిమిషాల ఐడిలింగ్‌లో వచ్చేదానికంటే సెల్ఫ్‌కి పోయేదే ఎక్కువవొచ్చు. తమ్ముడెవరైనా ఉంటే అరగంట నడపమనాల. బయట ఛార్జి పెట్టించాల్సొస్తే ఏహెచ్‌లో పదో వంతు కరెంటే ఇవ్వాల, మూడు ఏహెచ్‌కి 0.3 ఆంపియర్, తొమ్మిదికి 0.9. ట్రాక్టర్ బ్యాటరీల వరసలో మన చిన్నదాన్ని కూడా కలిపి ఐదారు ఆంపియర్లు తోసే షాపులున్నాయి, గంటలో వేడెక్కి సాయంత్రానికి ఉబ్బి చేతికొస్తది.

పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయాల, బిల్లులో ఎంతోకొంత తగ్గిస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. వీధిలో తిరిగే పాత సామాన్ల వాళ్ళకి ఇస్తే ఇంకాస్త ఎక్కువ రావొచ్చు గానీ వాళ్ళలో కొందరు యాసిడ్‌ని పక్క కాలవలో పారబోసి సీసం మాత్రం తీసుకుంటారు. వారంటీ కార్డు మీద తేదీ, బండి నంబరు రాయించుకుని షాపు ముద్ర వేయించుకోవాల, చాలా కంపెనీలవి మొదట కొంతకాలం ఉచితంగా మార్చేలా, ఆ తర్వాత వాడిన కాలాన్ని బట్టి డిస్కౌంటు ఇచ్చేలా ఉంటాయి. క్లెయిమ్‌కి పోయినప్పుడు వాళ్ళు మొదట అడిగేది బండిలో ఛార్జింగ్ ఎంతొస్తోంది అనే, 15 దాటి వస్తోందని తేలితే వారంటీ వర్తించకపోవచ్చు.